చిత్రకర్త్రి శ్రీమతి దామెర్ల సత్యవాణిగారు

ఉషాకన్యకు స్వప్నమున గానవచ్చిన పురుషుని గుర్తింపజేయుటకై చెలికత్తె చిత్రలేఖ రాజకుమారుల రూపములను లిఖించి చూపినట్లు భాగవతము చెప్పుచున్నది. వాత్స్యాయనుడు ఆలేఖ్యమును చతుష్షష్టికళలలో జేర్చెను. ఇట్టి సంప్రదాయము గల దేశమున, కుంచె పట్టిన స్త్రీ పేరు ఆమె భర్త పేరు వెనుకనే వినబడుట మాకు విచారకరముగ నున్నది.

ఏలూరున రైలెక్కి, తాడేపల్లిగూడెము, నిడదవోలు గడచి గోదావరి దాటినచో రాజమహేంద్రవరము. అచ్చట 1897లో జన్మించిన దామెర్ల రామారావుగారు, కళాశాలాధ్యక్షులైన ఓస్వాల్డు కూల్డ్రే దొరగారి ప్రోత్సాహమున బొంబాయి జె.జె. స్కూలునందు చిత్రకళ నభ్యసించి వచ్చి, స్వస్థలమున చిత్రకళాశాలను నెలకొల్పిరి. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికముచే, 28 ఏండ్లైనను నిండకయే, దివంగతులైరి.

మనవారు చరిత్ర నిచ్చటనే ముగింతురు. మేము ముగింపజాలము. భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకర్త్రులే. భర్త పోయిన స్త్రీ బొట్టునకును, రంగుచీరకును దూరము కావలెనన్న ఆచారము బలముగ నున్న దినములవి. అట్టి స్త్రీ రంగుగిన్నెలను విడువక చిత్రకర్త్రిగ నిలుచుట కెంతటి గుండెదిటవు వలయునో మన యిండ్లలోని వృద్ధులకు వేరుగ జెప్పనక్కరలేదు.

మరియొక సంగతి. నీటిరంగుల చిత్రము మిక్కిలి సుకుమారము. కొల్లేటి తేమకు మా తాతగారి తాళపత్రములే చిల్లులుపడి పొడియైపోయినవి. కాగితము మాట చెప్పనేల? అయినను రామారావుగారి చిత్రములు తలయొక యింటికి జెదరక, ఆయన యూరనే యొక్కచోట నిలిచినవి. మిత్రులు వరదా వెంకటరత్నముగారు కళాశాల భారమును వహించిరి. నేడు రాజమహేంద్రవరమునందలి దామెర్ల రామారావు చిత్రశాలలో ఆ వదినామరదండ్ర చిత్రములును గలవు. పుష్కరస్నానమునకు బోవు మన సంఘీయులలో నెందరు వానిని జూచి వచ్చుచున్నారో!

ఇతరుల ననుట యెందులకు? మేము ఉపాధ్యాయులమై యున్నప్పుడు కొల్లేటి లంకగ్రామపు బాలిక యొకతె లెక్కలు చేయవలసిన పలకపై గూడబాతును వ్రాసినది. సంచివంటి దాని గొంతు, నీటిపై వాలబోవు రెక్క, అన్నియు సరిగనే యున్నవి. మేము కోపించి తుడిపించితిమి. పెండ్లి కావలసిన పిల్లకు బొమ్మలెందులకని గూడ నంటిమి. ఆ బిడ్డ మరల మాకు బొమ్మ చూపలేదు.