ప్రశ్న ఎవరిని అడుగుతున్నాం? తెనాలి, రేపల్లె ప్రాంతంలో అత్యాచార సంస్కృతిపై ఒక పరిశీలన

2022 ఏప్రిల్ 30 అర్ధరాత్రి దాటాక రేపల్లె రైల్వే స్టేషన్‌లో జరిగిన ఘోరం ఈ ప్రాంతం వాళ్లు ఇంకా మరిచిపోలేదు. ప్రకాశం జిల్లా నుంచి నాగాయలంక వైపు పనికి బయల్దేరిన ఒక వలస కూలీ కుటుంబం రైలు దిగి, తెల్లారాక వెళ్దామని పిల్లలతో ప్లాట్‌ఫాం మీదే పడుకుంది. తాగి వచ్చిన దుండగులు భర్తను కొట్టి, గర్భవతి అయిన భార్యను ఈడ్చుకెళ్లి సామూహిక అత్యాచారం చేశారు. పోలీసులు పట్టుకున్న ముగ్గురిలో ఒకడు మైనరు. ఆ వారంలోనే అప్పటి రాష్ట్ర హోంమంత్రి మాట్లాడుతూ, నిందితులు అత్యాచారం చేయాలన్న ఉద్దేశంతో రాలేదని, డబ్బు కోసం వచ్చారని, భర్తను కాపాడుకునే పెనుగులాటలో అలా జరిగిందని అర్థం వచ్చేలా చెప్పారు. రాష్ట్రమంతా విమర్శలు వచ్చాయి. ఆ మాటను తప్పుపట్టిన ఇళ్లలోనే ఇంకో మాట కూడా వినపడింది: ‘అంత రాత్రప్పుడు ఆడమనిషితో స్టేషన్‌లో ఎందుకు పడుకున్నారు?’

ఈ వ్యాసం ఆ రెండో మాట గురించి. మంత్రి మాటలోని దోషం అందరికీ వెంటనే కనబడింది. ఇంట్లో అన్న మాటలో దోషముందని తోచినవాళ్లు తక్కువ.

అత్యాచార సంస్కృతి అన్న భావన 1970లలో అమెరికా స్త్రీవాద ఉద్యమంలో రూపుకట్టింది. అత్యాచారం ఎవడో ఒక ఉన్మాది చేసే పని మాత్రమే కాదని, దాన్ని మామూలు విషయంగా మార్చే నమ్మకాలు, హాస్యాలు, సలహాలు, మౌనాలు సమాజం నిండా ఉంటాయని ఆ ఉద్యమం వాదించింది. బ్రిటన్ పరిశోధకురాలు లిజ్ కెల్లీ 1988లో దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లారు. వెకిలి చూపు దగ్గర నుంచి అత్యాచారం దాకా అన్నీ ఒకే వరసలోవని, స్త్రీల అనుభవంలో వాటి మధ్య గట్టి గోడ లేదని ఆమె చూపించారు. మరి రోజువారీ జీవితంలో జనం దీన్ని గమనిస్తున్నారా? నందివెలుగు, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో బహిరంగ రికార్డుకెక్కిన ఘటనలను, ఇక్కడ రోజూ వినబడే మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు దొరికిన జవాబు ఇది: గమనిస్తున్నారు, చాలా నిశితంగానే గమనిస్తున్నారు. అయితే ఆ గమనింపు అంతా ఆడపిల్ల నడవడి మీదే ఆగిపోతోంది. బాధితుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. చట్టం కూడదంది, వాదనకూ వాటి అవసరం లేదు.

నందివెలుగు నుంచి పొద్దున్నే తెనాలి వెళ్లే షేర్ ఆటోను దగ్గరగా చూడండి. కాలేజీకి వెళ్లే అమ్మాయి ముందు లోపల ఎవరున్నారో చూస్తుంది. అంతా మగవాళ్లయితే ఇంకో ఆటో కోసం ఆగుతుంది. ఎక్కితే అంచున కూర్చుని, బ్యాగు తీసి పక్కవాడికీ తనకీ మధ్య అడ్డం పెట్టుకుంటుంది. అవతలి మోచెయ్యి జరుగుతూ వస్తే తాను ఇంకాస్త ముడుచుకుంటుంది. ఎవరూ ఫోన్ చేయకపోయినా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ‘ఆ నాన్నా, వచ్చేశాను’ అంటుంది. ఎదుటి సీట్లో ఉన్న పెద్దావిడ ఇదంతా చూస్తుంది. ఒక్క మాట అనకుండా కాస్త జరిగి, ‘ఇటొచ్చి కూర్చో అమ్మా’ అంటుంది. ఆ ఆటోలో ఆడవాళ్లందరికీ సంగతి తెలుసు. మోచెయ్యి జరిపిన మనిషి మాత్రం దిగేదాకా ఎవరికీ ఏ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఇలాంటి జాగ్రత్తలకు స్త్రీలు వెచ్చించే శ్రమను ఈమధ్య పరిశోధకులు ఒక పనిగానే లెక్కిస్తున్నారు. మన దగ్గర అది ఆడపిల్ల పెంపకంలో భాగం. ‘ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా చిరిగేది ఆకే’ అన్న సామెత చెప్పని అమ్మమ్మ ఈ కృష్ణా డెల్టాలో లేదేమో. చెప్పేవాళ్లకు ఉన్నది ప్రేమే, సందేహం లేదు. కానీ ఆ సామెత ముల్లుకు మనసు లేదని, దానికి ఏమీ చెప్పి లాభం లేదని ముందే ఒప్పేసుకుంటుంది. మగపిల్లవాడికి చెప్పాల్సిన పాఠం ఏదీ అందులో లేదు. ఇంట్లో అతను ఆ సామెత వింటూనే పెరుగుతాడు. అది తన గురించేనని అతనికి ఎవరూ చెప్పరు.

జాగ్రత్తగా ఉంటే చాలు అన్నది నిజమైతే 2013 ఏప్రిల్‌లో తెనాలిలో జరిగింది జరక్కూడదు. కూతురు ఒంటరిగా లేదు, తల్లి వెంట ఉంది. తాగిన యువకులు కూతుర్ని ఏడిపిస్తుంటే తల్లి ఎదురు తిరిగింది. ఆమెను నెట్టేయగా లారీ కింద పడి ప్రాణం పోయింది. పత్రికలో వచ్చిన వార్త చూసి సుప్రీంకోర్టు తనంతట తానుగా ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది. వెంటపడడాన్ని, లైంగిక వేధింపును విడివిడి నేరాలుగా పేర్కొన్న క్రిమినల్ చట్ట సవరణకు రాష్ట్రపతి ఆమోదం దొరికి అప్పటికి రెండు వారాలే అయింది. ఒక ఆడమనిషి చూసీ చూడనట్టు పోకుండా నిలబడి అడిగితే ఏమవుతుందో ఆ రోజు తెనాలి చూసింది. ఆ తర్వాత తల్లులు కూతుళ్లకు చెప్పగలిగిన నీతి ఇంకా నోరు మూసుకోమనే అయి ఉంటుంది. అదే నాకు బాధ.

2007 డిసెంబర్ 27 నాటి ఘటన దీనికంటే ముందుది, ఇంకా తేలనిది. తెనాలికి చెందిన పదిహేడేళ్ల ఫార్మసీ విద్యార్థిని విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో తానుంటున్న హాస్టల్లోనే అత్యాచారానికి, హత్యకు గురైంది. ప్రేమను కాదన్నందుకే ఇలా చేశానన్న అర్థం వచ్చే ఉత్తరం అక్కడ దొరికింది. పోలీసులు పట్టుకున్న యువకుడికి 2010లో విజయవాడ కోర్టు జైలు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అంది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. 2019 డిసెంబర్‌లో తెనాలిలో సమాధి తవ్వి అవశేషాలకు మళ్లీ పరీక్ష చేశారు. దర్యాప్తు వైఫల్యం గురించి చాలామంది రాశారు. నన్ను పట్టి ఉంచేది ఆ ఉత్తరం. దాన్ని రాసింది ఎవరైనా, చదివేవాళ్లకు ఆ కారణం అర్థమవుతుందన్న ధీమాతోనే రాశారు. కాదన్న అమ్మాయి మీద కసి తీర్చుకోవడం ఊహకందని విషయమైతే ఆ వాక్యం రాయడమే కుదరదు. వెంటపడి, బెదిరించి, చివరికి ఒప్పించే కథానాయకుడిని దశాబ్దాలుగా తెర మీద చూసి ఈలలు వేసిన ప్రేక్షకులం మనం. 2021 ఆగస్టు 15న గుంటూరు నడివీధిలో పట్టపగలు ఒక బీటెక్ విద్యార్థినిని కత్తితో పొడిచి చంపినవాడు కూడా ఆమె తనను దూరం పెట్టిందనే పగబట్టాడు. ప్రత్యేక కోర్టు తొమ్మిది నెలల్లోపే, 2022 ఏప్రిల్ 29న, మరణశిక్ష విధించింది. తీర్పు త్వరగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. హత్యకు ముందు నెలల తరబడి సాగే వేధింపును ఎవరు, ఎప్పుడు ఆపాలన్న చర్చ మాత్రం అంతగా సాగలేదు.

జనం ఏమీ గమనించరనే వాదనకు ఈ ప్రాంత చరిత్రలోనే ఎదురుసాక్ష్యం ఉంది. తెనాలికి దగ్గరలోని చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను ఊచకోత కోశారు. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకులస్థుడికి తగిలిందన్న తగాదా దానికి మూలం. దళిత యువకులు తమ ఆడవాళ్లను అల్లరి పెడుతున్నారన్న ఆరోపణను అగ్రకులస్థులు ఆ హింసకు సమర్థనగా ముందుకు తెచ్చారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేయగా, 2014లో హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. అంటే వేధింపు అన్న మాట ఊరి చేత ఆయుధాలు పట్టించగలదు, అది కులం పరువు ప్రశ్న అయినప్పుడు. అదే ఊళ్లలో పొలం పనికి వెళ్లిన దళిత మహిళ మీద ఆసామి చెయ్యి వేస్తే పెద్దమనుషులు రాజీకి కూర్చుంటారు. కళ్లు రెండు సందర్భాల్లోనూ పనిచేశాయి. ఎవరి శరీరానికి విలువ ఇవ్వాలో కులం ముందే తేల్చేసింది.

ఇల్లు ఇంకా కష్టమైన చోటు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5వ విడత (2019–21)లో భార్యను భర్త కొట్టడానికి ఏడు కారణాలు చెప్పి, ఏదైనా సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, పడకకు ఒప్పుకోకపోవడం ఆ ఏడింటిలోవే. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 84 శాతం స్త్రీలు కనీసం ఒక కారణం సబబేనన్నారు. దేశంలోనే అత్యధిక స్థాయిల్లో ఇదొకటి. స్త్రీలే ఇలా అంటున్నారని నిందించేవాళ్లు ఆటోలో ముడుచుకున్న ఆ అమ్మాయిని గుర్తు చేసుకోవాలి. తప్పించుకోలేని దాన్ని న్యాయమని నమ్మితే బతకడం కొంచెం తేలికవుతుంది. చట్టం కూడా ఆ ఇంటి గడప బయటే ఆగింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో, 18 ఏళ్లు నిండిన భార్య విషయంలో భర్త చేసే బలవంతం అత్యాచారం కాదన్న మినహాయింపు అలాగే ఉంది. తెనాలిలో పెరిగిన రచయిత చలం పెళ్లిలోని ఈ బలవంతం గురించి 1920లు, 30లలోనే రాసి ఊళ్ల చేత తిట్లు తిన్నారు. ఆయన లేవనెత్తిన ప్రశ్నను పార్లమెంటు ఇప్పటికీ తప్పించుకుంటోంది.

కోర్టుల్లోనూ చాలాకాలం ఇంటి మాటే నడిచింది. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై పోలీసులే అత్యాచారం చేశారన్న ఆరోపణ, ఆమె భర్త మరణం రాష్ట్రాన్ని కుదిపేశాయి. దీనిపై విచారణ జరిపిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. పోలీసుల వాదన మొత్తం ఆమె నడత మంచిది కాదని చూపడం మీదే నడిచింది. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయి, నిందితులు బయటపడ్డారు. బాధితురాలి ‘శీలాన్ని’ ప్రశ్నించే వీలు కల్పించిన సాక్ష్యాధారాల చట్టంలోని నిబంధన 2003 దాకా పోలేదు. అత్యాచార బాధితురాలికి వైద్యులు చేసే రెండు వేళ్ల పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2013లో ఒకసారి చెప్పి, 2022లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ‘ఎందుకు పడుకున్నారు?’ అన్న రేపల్లె ప్రశ్నకూ, నల్లకుంట కేసులో అడిగిన ప్రశ్నలకూ వేరు ఒకటే.

2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై జరిగిన దారుణం తర్వాత నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసులపై పూలు చల్లారు. ఆ కాల్పులను సమర్థించే ఆధారాలు నమ్మదగినవి కావని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చి చెప్పింది. ఆ జనం కోపం నిజమైనది, దాన్ని తక్కువ చేయను. నేరస్థుడు ఎవడో బయటి రాక్షసుడైతే అలాంటి ముగింపు మనకు తృప్తినిస్తుంది. కానీ మన దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో అత్యధిక భాగం బాధితురాలికి తెలిసినవాళ్లు చేసినవే. బంధువులు, ఇరుగుపొరుగు, పని ఇచ్చినవాళ్లు, పెళ్లి చేసుకుంటానన్నవాళ్లు. వాళ్ల విషయంలో ఇవే వీధులు పూలు చల్లవు, ‘కేసెందుకులే, పిల్ల పెళ్లి కాదు’ అంటాయి.

కాబట్టి నా వాదన జనానికి కళ్లు తెరిపించాలన్నది కాదు. రోజూ చూస్తున్న దాన్ని ఎవరి ఖాతాలో రాస్తున్నామన్నదే అసలు విషయం. ఆ మోచెయ్యి జరిపిన మనిషిని ‘ఏంటయ్యా అది, సరిగ్గా కూర్చో’ అని మగవాడే అడగాలి. ఆ ఒక్క మాటతో ఆటోలో భారం చేతులు మారుతుంది. కాలేజీల్లో వేధింపులపై అమ్మాయిలకు పెట్టే అవగాహన సదస్సులు అబ్బాయిలకు ముందు పెట్టాలి.

నాట్లకు, మినుము తీతకు, పసుపు పనికి వెళ్లే మహిళల సంగతి ఇంకా అత్యవసరం. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పదిమంది కన్నా తక్కువ ఉన్నచోట, అసంఘటిత రంగంలో పనిచేసే స్త్రీల కోసం ప్రతి జిల్లాలో ఒక స్థానిక కమిటీ ఉండాలని అందులో రాసి ఉంది. పొలం కూలీ, ఇంట్లో పనిచేసే మనిషి కూడా దానికి ఫిర్యాదు చేయవచ్చు. దాని అధ్యక్షురాలు మహిళే అయి ఉండాలి. ఫిర్యాదు అందుకుని పైకి పంపడానికి మండలానికి ఒక నోడల్ అధికారి ఉండాలి. నందివెలుగు పంచాయతీ పెద్దలకు, ఈ డెల్టాలోని ప్రతి పంచాయతీకి నా విన్నపం: ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు పంచాయతీ ఆఫీసు గోడ మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించండి. వచ్చే గ్రామసభలో మగవాళ్ల ఎదుటే చదివి వినిపించండి. ఆ చట్టం కింద ఫిర్యాదుకు గడువు 3 నెలలు.