ముత్యాల ఊరి బాకీల చిట్టా

కోనసీమలోని ఉప్పలగుప్తం, గొల్లవిల్లి, చల్లపల్లి వైపు నుంచి బహ్రెయిన్ బయల్దేరేవాళ్లు అడిగినవాళ్లందరికీ మనామా వెళ్తున్నామనే చెబుతారు. విమానం మాత్రం మనామాలో దిగదు. పక్క దీవిలో, ముహర్రఖ్‌లో దిగుతుంది. అక్కణ్ణుంచి సముద్రం మీద వేసిన రోడ్డు దాటితే కొద్ది నిమిషాల్లో రాజధాని వచ్చేస్తుంది కాబట్టి, కాలు మోపిన ఊరేదో చాలామంది పట్టించుకోరు. 1923 దాకా ఈ దేశపు పాలకుడు కాపురం ఉన్నది ఆ ఊళ్లోనే. చమురు లేని రోజుల్లో ఈ దేశం దేనిమీద బతికిందో కళ్లకు కట్టేదీ ఆ ఊరే. గల్ఫ్ గురించి మనవాళ్ల మనసుల్లో ఒక కథ స్థిరపడిపోయింది: ఇసుక, ఒంటెలు, గుడారాలు, ఒకనాడు చమురు, వెంటనే మేడలు, ఆ మేడల్లో పనికి మనవాళ్లు. పనివాణ్ణి ఒక్క యజమాని పేరున కట్టిపడేసే కఫీల్ పద్ధతికి కూడా ఆ కథలో ఒక చోటుంది. అది అరబ్బుల అనాది ఆచారమనీ, ఎవరూ మార్చలేనిదనీ అనుకుంటారు. ముహర్రఖ్ సందుల్లో ఒక పూట తిరిగితే ఈ కథ నిలవదు. చమురుకు ముందే ఇక్కడ సంపద ఉంది. అది అడ్వాన్సులతో, బాకీ ఖాతాలతో నడిచింది. ఆ బాకీల్లో చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది ఈ గడ్డమీద పుట్టినవాళ్లే. మనిషిని కట్టేసింది లెక్కలు రాసే పద్ధతి, ఆ కట్టు కొంత సడలిందీ లెక్కలు రాసే పద్ధతి మారినప్పుడే అన్నది నా వాదన.

పాలకుల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఆల్ ఖలీఫా వంశం 1783లో బహ్రెయిన్‌ను గెలుచుకుంది. ఆ తర్వాత ముహర్రఖ్ వాళ్ల స్థానమైంది. 1820తో మొదలుపెట్టి బ్రిటిష్ వాళ్లు ఒక్కో ఒప్పందంతో ఉచ్చు బిగించుకుంటూ వచ్చారు. అయితే ఈ దేశాన్ని వాళ్లు చూసుకున్నది లండన్ నుంచి నేరుగా కాదు. 1947 దాకా ఇక్కడి వ్యవహారం భారత ప్రభుత్వ ఖాతాలోనే ఉండేది. బజారులో చెల్లింది రూపాయి, ముత్యాలు అమ్ముడైంది బొంబాయిలో, తినే బియ్యం వచ్చింది మన వైపు ఓడల్లో. మనకు స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇక్కడ రూపాయి చెలామణీ ఆగలేదు. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగు నోట్లు అచ్చువేసింది. దినారు వచ్చింది 1965లో. బహ్రెయిన్ స్వతంత్రమైంది 1971లో, అదీ ఆగస్టు 15నే. కాకతాళీయమే కావచ్చు.

ఇక ముత్యాల పని. ఎండలు మండే నాలుగు నెలలూ పడవలు ఆల్చిప్పల తావుల మీదే ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక్క బహ్రెయిన్‌కే దాదాపు తొమ్మిది వందల పడవలున్నాయని బ్రిటిష్ అధికారి లోరిమర్ తన గెజిటీరులో లెక్క రాశాడు. పడవకు నఖుదా పెద్ద, అంటే మన బోట్లలో సరంగు. మునిగేవాడు ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని దిగుతాడు. పైన తాడు పట్టుకున్నవాడు సైగ అందగానే లాగుతాడు. నిమిషం, నిమిషంన్నర ఊపిరి బిగబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. చెవులు పోయేవి, చూపు మందగించేది, ఉప్పునీటికి ఒళ్లు పుళ్లు పడేది. ఇందులో ఎవరికీ నెలజీతం లేదు. ఏటి చివర ముత్యాలు అమ్మితే వచ్చిన దాంట్లో ఖర్చులు పోను వాటాలు. మరి ఆ లోపు ఇల్లు గడవాలి కదా. అందుకని పడవ ఎక్కేముందు ఒక అడ్వాన్సు, పని లేని చలికాలంలో ఇంకో అడ్వాన్సు. నఖుదా ఆ డబ్బు షావుకారు దగ్గర తెచ్చేవాడు. మతం వడ్డీని ఒప్పదు కాబట్టి వడ్డీ బియ్యం ధరలో, ఖర్జూరం ధరలో, కాఫీ గింజల ధరలో దాక్కునేది. ఖాతా నఖుదా దగ్గర, మునిగేవాడికి చదువు రాదు. ఏడాది తిరిగేసరికి వాటా కంటే బాకీ ఎక్కువని తేలేది. బాకీ తీరనివాడు మరుసటి ఏడు అదే పడవ ఎక్కాలి. ఇంకో నఖుదా దగ్గరకు పోవాలంటే పాతవాడు ‘బర్వా’ అనే చీటీ రాసివ్వాలి, కొత్తవాడు ఆ బాకీ నెత్తిన వేసుకోవాలి. మునిగేవాడు చచ్చిపోతే బాకీ కొడుకు మీద పడేది.

ఇవన్నీ పుస్తకాల్లో చదవడం కంటే ఆ ఊళ్లో నడిచి తెలుసుకోవడం తేలిక. 2012లో యునెస్కో ఇక్కడి ముత్యాల వృత్తికి సంబంధించిన 17 భవనాలను, సముద్రంలో మూడు ఆల్చిప్పల తావులను, దక్షిణపు కొసన ఉన్న బూ మాహిర్ కోటను, ఆ ఒడ్డును కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కోట దగ్గర మొదలై ఊరి లోపలికి సుమారు మూడున్నర కిలోమీటర్ల కాలిబాట ఉంది. వెళ్లేవాళ్లు దాన్ని సముద్రం వైపు నుంచే నడవాలని నా సలహా. ఒడ్డుకు దగ్గర్లో పడవ మీద పనిచేసిన కుటుంబాల ఇళ్లు: గదులు చిన్నవి, గోడలు పగడపు రాయివి. లోపలికి పోయేకొద్దీ నఖుదా ఇల్లు, వర్తకుల గిడ్డంగులు, చివరికి సియాదీ అనే ముత్యాల వర్తకుల కుటుంబం కట్టిన మజ్లిస్ అనే కొలువు సావిడి, రంగుటద్దాలు, చెక్కిన సున్నపు పని. దారి కాస్త పక్కకు మళ్లితే 1923 దాకా పాలించిన షేక్ ఈసా బిన్ అలీ ఇల్లు కూడా చూడొచ్చు. ఆ ఇంటి గాలిగోపురం కిందకు చల్లగాలిని దింపే తీరు మన ఇంజనీర్లు చూడదగ్గది. ముత్యం ఏ దారిన పోయిందో, విలువ ఎక్కడెక్కడ పెరిగిందో ఈ బాట అదే వరుసలో చూపిస్తుంది. ఈ పునరుద్ధరణకు 2019లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. ఒక్క లోపం చెప్పాలి: బాట అందంగా ఉంది, ఆ అందం వెనక ఉన్న బాకీ బరువు మాత్రం చూసేవాడు తనంతట తాను పోల్చుకుంటే తప్ప అందదు.

ఇక్కడ ఒక అభ్యంతరం సబబైనదే వస్తుంది. మునిగేవాడు కూలివాడు కాదు, వాటాదారు. లాభం వస్తే అతనికీ వచ్చేది, నష్టం వస్తే షావుకారు కూడా మునిగేవాడు. మరి దీన్ని కట్టుబానిసత్వంలా చూడటం అన్యాయం కాదా? వాటా ఉన్నమాట నిజమే. ముత్యాల పాటలు, పడవ మీది స్నేహాలు, పెద్ద ముత్యం దొరికిన ఆశ, ఇవేవీ అబద్ధాలు కావు. అయితే వాటాదారుకు రెండు సంగతులు తెలియాలి: సరుకు ఎంతకు పోయింది, తన ఖాతాలో ఏం రాశారు. రెండూ తెలియనప్పుడు వాటా అనే పేరు మిగులుతుంది, నష్టంలో భాగం మిగులుతుంది. అప్పిచ్చిన సావుకారు చేప తనకే, తాను చెప్పిన ధరకే ఇవ్వాలనే ఒప్పందం ఎలా ఉంటుందో కోనసీమ రేవుల్లో ఎవరికీ విడమర్చనక్కర్లేదు. పడవల మీద బానిసలు కూడా మునిగారని, వాళ్ల వాటా యజమానికి పోయేదని కూడా మరవకూడదు. బానిసత్వం ఇక్కడ చట్టరీత్యా రద్దయింది 1937లో.

1923లో బ్రిటిష్ వాళ్లు ముసలి షేక్ ఈసాను పక్కకు తప్పించి కొడుకు హమద్‌కు అధికారం అప్పగించారు. పాలన మనామాకు మారింది, ముహర్రఖ్ వెనకబడింది. ఆ దశాబ్దంలోనే ముత్యాల పనికి కొత్త నియమాలు పెట్టారు. ప్రతి మనిషి చేతికీ సొంత ఖాతా పుస్తకం, నఖుదా లెక్కలకు ఒక పద్ధతి, అడ్వాన్సు ఎంతన్నది ప్రభుత్వ నిర్ణయం, తండ్రి బాకీ కొడుకుకు సంక్రమించకపోవడం. దీన్ని ఉత్త పరోపకారంగా నేను చూడటం లేదు. పాలన తమ చేతిలోకి తెచ్చుకోవడానికి బ్రిటిష్ వాళ్లకు ఇదొక దారి. అయినా పుస్తకం చేతికొచ్చాక బాకీ కనిపించింది, కనిపించిన బాకీ మీద తగువు పెట్టుకోవచ్చు. అందరికీ నచ్చిందా అంటే లేదు. అప్పటికే జపాన్‌లో మికిమొటో పెంపకపు ముత్యాలు బజారుకొచ్చాయి, 1929 మాంద్యం కొనేవాళ్ల నడ్డి విరిచింది. అడ్వాన్సులు తగ్గించేసరికి 1932లో మునిగేవాళ్లే తిరగబడ్డారు. సంస్కరణను బాధితులే ఎదిరించారని దీన్ని ఎత్తిచూపేవాళ్లున్నారు. వాళ్లు ఎదిరించింది లెక్కల పుస్తకాన్ని కాదు, ఖాళీ గిన్నెను. పొయ్యి వెలిగే వేరే దారి చూపించకుండా అడ్వాన్సు కోస్తే ఎక్కడైనా అదే జరుగుతుంది. ఆ వేరే దారి ఆ ఏడాదే, జబల్ దుఖాన్ దగ్గర చమురు రూపంలో బయటపడింది.

కఫీల్ పద్ధతి పుట్టుక ఈ కాలంలోనే ఉందని బహ్రెయిన్ పరిశోధకుడు ఒమర్ అల్ షెహాబీ వాదించారు. బయటి నుంచి వచ్చే మనిషికి స్థానికంగా ఒకరు పూచీ ఉండాలన్న నిబంధన తెగల ఆతిథ్య మర్యాద నుంచి కాక, రాకపోకలను తక్కువ ఖర్చుతో అదుపు చేయాలనుకున్న వలస పాలన దస్త్రాల నుంచి వచ్చిందని ఆయన అంటారు. నాకు ఈ వాదన నమ్మదగ్గదిగానే తోస్తుంది. ఆచారమైతే ఇంత త్వరగా మార్పులకు లొంగదు. 2009లో బహ్రెయిన్ యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది. 2011లో మొదటి యజమాని దగ్గర ఒక ఏడాది ఉండాలని షరతు పెట్టింది. ఇళ్లలో పనిచేసేవాళ్లను మాత్రం 2009 మార్పు నుంచే మినహాయించారు. కోనసీమ నుంచి వచ్చే ఆడవాళ్లలో ఎక్కువమంది చేసేది ఆ పనే. యజమాని ఇచ్చే ‘రిలీజ్’ అనుమతి కోసం వాళ్లు పడే పాట్లు చూస్తే బర్వా చీటీ ఇంకా చెలామణీలో ఉన్నట్టే ఉంటుంది.

మనవాళ్లు ఇష్టపడే వస్తున్నారు, జీతం ముందే తెలుసు, కఫీల్‌కు వాళ్లు బాకీ లేరు, కాబట్టి ఈ పోలిక అతకదని అనేవాళ్లకు నా జవాబు ఇది. పాతరోజుల్లో బాకీ, కట్టు రెండూ ఒక్క నఖుదా చేతిలో ఉండేవి. ఇప్పుడు అవి విడిపోయాయి: కట్టు ఇక్కడ కఫీల్ దగ్గర, బాకీ అక్కడ ఏజెంటు దగ్గర, ఫైనాన్సు దగ్గర, తాకట్టు పెట్టిన బంగారంలో. రెండు దేశాల్లో ఉన్నాయి కాబట్టి ఏ కోర్టుకూ రెండూ కలిపి కనిపించవు. జీతం రాకపోయినా ఇంటికి తిరిగి వెళ్లలేకపోవడానికి కారణం ఎక్కువసార్లు ఊళ్లోని బాకీయే. మన తాతల కాలంలో రంగూన్‌కు మనుషుల్ని ఎక్కించిన మేస్త్రీ కూడా ఇదే చేశాడు. ఓడ చార్జీ అడ్వాన్సుగా ఇచ్చి, ఆ బాకీ తీరేదాకా కూలి తన చేతిమీదుగానే ఇప్పించాడు. కాబట్టి ఈ పద్ధతిని ఎడారికి అంటగట్టి మనం చేతులు దులుపుకోలేం. దాని సగం మన గోదావరి ఒడ్డునే తయారవుతోంది.

అందుకే ముహర్రఖ్ నియమాల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా కనిపించేది ఆ ఖాతా పుస్తకం. మన చట్టం ప్రకారం ఏజెంటు పన్ను కాక ముప్పై వేల రూపాయలకు మించి తీసుకోకూడదు, తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. విజిట్ వీసా మీద పంపేసినప్పుడు ఆ రసీదూ ఉండదు, వలస అధికారుల దగ్గర పేరూ ఉండదు. 1920ల్లో చదువురాని గజఈతగాడి చేతికి అందిన కాగితం, నూరేళ్ల తర్వాత పదో తరగతి దాటి విమానం ఎక్కుతున్న అమలాపురం అమ్మాయి చేతిలో లేదు. దాన్ని ఇప్పించగలిగిన అధికారం మనామాకు లేదు, ఉన్నది మన వలస అధికారులకే.