ఖద్దరు గౌను

మద్రాసు మెడికల్ కాలేజీ. శస్త్రచికిత్స తరగతి. గౌన్లు తొడుక్కున్న విద్యార్థుల మధ్య ఒక గౌను విడిగా కనబడుతోంది. అది ఖద్దరుది. విదేశీ వస్త్రం వదిలేయమని గాంధీజీ పిలుపునిచ్చిన రోజులవి. ఆ పిలుపును ఒక తెలుగు కుర్రాడు ఆపరేషన్ గది దాకా తీసుకొచ్చాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ ఆ గుడ్డను చూశాడు. ముఖం ముడుచుకుంది.

కుర్రాడి పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికే మూడుసార్లు రాయాల్సి వచ్చింది. డాక్టరు చదువుకు ఇంటి దగ్గర డబ్బు లేదు. స్నేహితులు తలా కొంత వేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చేయూతనిచ్చారు. తర్వాత ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు పెళ్లాడాడు. ఇంతమంది ఆశ మోస్తున్నవాడు మామూలుగా అయితే ప్రొఫెసర్ కంట్లో పడకుండా, తల వంచుకుని పరీక్షలు దాటేస్తాడు. సుబ్బారావు మాత్రం ఖద్దరే తొడిగాడు.

ఫలితాలు వచ్చాయి. రాతపరీక్షలు బాగానే రాశాడు. అయినా చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మార్కులు వేయాల్సింది చదువుకు, చేతి పనితనానికి. ఇక్కడ ఒంటిమీది గుడ్డకు వేశారు.

బయటివాళ్లకు ఆ రెండు పట్టాలకూ తేడా మూడు అక్షరాలే. అనుభవించినవాడికి తలుపు తలుపు దగ్గరా తెలిసింది. మద్రాసు మెడికల్ సర్వీసులో చేరాలని ప్రయత్నించాడు, చోటు దొరకలేదు. చివరికి ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పే కొలువు దొరికింది. లక్ష్మీపతి గారు అతనికి ప్రాణదాత కూడా. స్ప్రూ అనే పేగుల జబ్బు సుబ్బారావు సోదరులు ఇద్దరిని రోజుల తేడాతో మింగేసింది. అదే జబ్బు అతన్నీ పట్టుకుంటే, ఆయుర్వేద మందుతో లేపి కూర్చోబెట్టింది ఆయనే. ఆ చావుల తర్వాత ఉష్ణమండల వ్యాధుల గురించి చదవాలన్న పట్టుదల అతనిలో మరీ ముదిరింది. మామగారి సాయంతో, కాకినాడ మల్లాది సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఇచ్చిన మాట ధైర్యంతో 1920ల మొదట్లో ఓడ ఎక్కాడు.

బోస్టన్‌లోనూ ఆ పట్టా వెంటపడింది. హార్వర్డ్‌లో చదువుకు చోటు దొరికింది గానీ, డాక్టరుగా ఆస్పత్రిలో కొలువు చేసి పొట్టపోసుకునే దారి మూసుకుపోయింది. పగలు క్లాసు. రాత్రి ఆస్పత్రిలో పోర్టరు పని. వైద్యం చదివినవాడు వార్డుల్లో పనివాడై తిరిగాడు. ఇది చదువుతుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆ రాత్రుల తర్వాతే అతని చేతికి ప్రయోగశాల అందింది. జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్కే దగ్గర చేరి, రక్తంలో, మూత్రంలో ఉండే ఫాస్ఫరస్‌ను రంగు చిక్కదనాన్నిబట్టి కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. 1927లో ఇద్దరూ కలిసి, కండరాల్లో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు. కండరం కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమేనని అప్పటిదాకా శాస్త్రవేత్తలు నమ్మారు. కండరాల మీద పరిశోధనకే హిల్, మేయర్‌హాఫ్ 1922 నోబెల్ బహుమతి పంచుకున్నారు. వాళ్ల లెక్క తిరగరాయాల్సి వచ్చింది. 1929లో, జర్మనీలో లోమన్ విడిగా పట్టుకున్న, కండరానికి శక్తినిచ్చే ఏటీపీని వీళ్లూ వేరుచేశారు. సుబ్బారావుకు 1930లో పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత అధ్యాపక పదవి మాత్రం రాలేదు.

1940లో హార్వర్డ్ వదిలి పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లాడు. అతని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. సోదరుల్ని తీసుకుపోయిన స్ప్రూకు అది మందు అయింది. ఆ దారిలోనే కేన్సర్ మందు మెథోట్రెక్సేట్ వచ్చింది. బోదకాలు పీడించే గోదావరి జిల్లాలకు హెట్రజాన్ అనే మందు వచ్చింది. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్లకే, న్యూయార్క్‌లో కన్నుమూశాడు. మళ్లీ స్వదేశం చూడలేదు, ఇక్కడ ఎదురుచూసిన భార్య శేషగిరినీ చూడలేదు.

ఈ కథ చెప్పేటప్పుడు మనవాళ్లు తరచూ ఒక మాట అంటారు: ఎల్.ఎం.ఎస్. ఇచ్చి మంచిపనే చేశారు, లేకపోతే అమెరికా వెళ్లేవాడా అని. నేను ఒప్పుకోను. అమెరికా తీసుకెళ్లింది ప్రొఫెసర్ కక్ష కాదు. తోబుట్టువుల చావు, మామగారి డబ్బు, సొంత మొండితనం. పైగా అక్కడ ఎదురైన అన్యాయానికి ఈ సాకు ఎలా అతుకుతుంది? అప్పట్లో ఫిస్కే దగ్గరే పరిశోధన చేసి, 1988లో నోబెల్ పంచుకున్న జార్జి హిచింగ్స్ తర్వాత బాహాటంగా చెప్పాడు: సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్కే, బహుశా అసూయతోనే, వెలుగులోకి రానివ్వలేదని. ఏళ్ల తర్వాత వేరేవాళ్లు వాటిని మొదటినుంచి మళ్లీ కనుక్కోవాల్సి వచ్చింది.