భర్త అప్పు, భార్య సొత్తు – ఒక చారిత్రక పరిశీలన

విద్యార్థులారా! వ్యాపారంలో దివాలా తీసిన ఒకాయన ఇంటికి అప్పులవాళ్లు కోర్టు జప్తు ఉత్తర్వుతో వచ్చారనుకుందాం. బీరువాలో ఆయన భార్య నగలున్నాయి. అవి కూడా అప్పు కింద పోవలసిందేనా? ఇది మన దేశంలో చాలా పాత ప్రశ్న.

పుట్టింటివారు ఇచ్చినవి, పెళ్లిలో అగ్నిసాక్షిగా ఇచ్చినవి మొదలైన ఆరు విధాల స్త్రీధనాన్ని మనుస్మృతి పేర్కొంది. కరవు, ధర్మకార్యం, వ్యాధి, నిర్బంధం – ఈ నాలుగు సందర్భాలలో భర్త వాడుకున్న స్త్రీధనాన్ని తిరిగి ఇవ్వనక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పింది. మిగిలిన సందర్భాలలో తిరిగి ఇవ్వాల్సిందేనని చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వివరించింది. ఆ నాలుగింటిలో వ్యాపార నష్టం లేదన్న సంగతి గమనించండి.

ఇంగ్లండులో పరిస్థితి వేరు. అక్కడ పెళ్లితోనే భార్య చరాస్తి భర్త వశమయ్యేది. కాబట్టి అతని రుణదాతలకూ చిక్కేది. 1870, 1882 చట్టాలు దీనిని మార్చాయి. అయితే భర్త వ్యాపారానికి భార్య అప్పిచ్చి ఉంటే, అతడు దివాలా తీసినప్పుడు ఇతర రుణదాతల తరువాతే ఆమె వంతు అని 1882 చట్టం షరతు పెట్టింది.

మన దేశంలో 1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చింది. దాని ప్రకారం భార్య సంపాదన ఆమెదే. భార్యాబిడ్డల మేలు కోసమని రాసి భర్త తీసుకున్న జీవిత బీమా సొమ్ము అతని రుణదాతలకు చెందదు. అప్పులవాళ్లను మోసగించడానికే ఆ పాలసీ తీసుకుంటే మాత్రం, ఆ పాలసీ సొమ్ములోంచి వారు తమ బాకీ రాబట్టుకోవచ్చు. మొదట ఈ చట్టం హిందువులు, ముస్లింలు, సిక్కులు, జైనులకు వర్తించలేదు. 1923 సవరణతో బీమా రక్షణ వారికీ లభించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడ 1913 డిసెంబరు 31 తరువాత తీసుకున్న పాలసీలకే ఇది వర్తించింది.

1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం అవసరమైన దుస్తులు, వంటపాత్రలు, పడకలు, మతాచారం ప్రకారం స్త్రీ వదులుకోకూడని ఆభరణాలు జప్తు చేయరాదు. మంగళసూత్రం ఇందుకు ఉదాహరణ.

చట్టం రుణదాతనూ మరువలేదు. దివాలాకు ముందు రెండేళ్లలో భార్య పేరిట ఊరికే రాసిచ్చిన ఆస్తిని రద్దు చేయించే వీలును 1920 ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కల్పించింది.

భర్త ఇంట్లో ఉన్నంత మాత్రాన స్త్రీధనం ఉమ్మడి ఆస్తి కాదని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది. కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉందని 2024లో మరో తీర్పులో పేర్కొంది.

అంటే మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు: భర్త అప్పుకు భార్య నగలు బాధ్యత వహించవు. కానీ ప్రయోగశాలలో ఒకే అలమరలోని సీసాల మీద చీటీలు ఊడిపోతే ఏది ఏదో ఎవరు చెప్పగలరు? ఇంట్లోనూ అంతే. రశీదులు, పెళ్లినాటి వస్తువుల జాబితా – ఇవే ఆ చీటీలు. భర్త అప్పుకు హామీగా భార్య సంతకం చేస్తే ఆ అప్పుకు ఆమె కూడా బాధ్యురాలవుతుంది. హక్కు ఉండటం వేరు, దానిని రుజువు చేయగలగడం వేరు. మీ ఇంట్లో అమ్మ నగల రశీదులు ఎక్కడున్నాయో ఒకసారి అడిగి చూడండి.