రేచీకటి, రక్తసంబంధం, జన్యువు: రెటినైటిస్ పిగ్మెంటోసా చరిత్రలో కారణాన్వేషణ

తెలుగులో రేచీకటి అన్న ఒక్క మాట రెండు భిన్నమైన స్థితులకు వర్తిస్తుంది. ఒకటి విటమిన్ ఎ లోపం వల్ల కలిగి, ఆహారంతోను మందుతోను నయమయ్యేది. రెండవది చిన్నతనంలోనో యౌవనంలోనో మొదలై, ఏళ్ల తరబడి చూపు అంచులను కుదించుకుంటూ వచ్చి, చివరకు సొరంగంలోంచి చూసినట్లు నడిమి చూపును మాత్రమే మిగిల్చేది. హెల్మ్‌హోల్ట్జ్ 1851లో కంటి లోపలి భాగాన్ని చూపే ఆఫ్తాల్మోస్కోపును ప్రకటించే వరకు ఈ రెండింటినీ వేరు చేయడానికి వైద్యునికి రోగి మాట తప్ప వేరే ఆధారం లేదు. ఆ పరికరంతో చూసినప్పుడు రెండవ రకం రోగుల రెటీనా అంచులలో ఎముక కణాలను పోలిన నల్లని వర్ణకపు మచ్చలు కనిపించాయి. డచ్చి వైద్యుడు డాండర్స్ ఈ వ్యాధికి రెటినైటిస్ పిగ్మెంటోసా అని పేరు పెట్టాడు. నిజానికి ఇది రెటీనా వాపు కాదు, అందులోని దండకణాలు క్రమంగా నశించడం. అయినా తప్పు పేరే స్థిరపడింది.

కనిపించిన మచ్చకు కారణమేమిటన్న ప్రశ్నకు తొలి గట్టి సమాధానం 1861లో బెర్లిన్ నుండి వచ్చింది. రిచర్డ్ లీబ్‌రైక్ ఆ నగరంలోని బధిరులను పరీక్షించి, వారిలో కొందరికి ఈ రెటీనా వ్యాధి కూడా ఉందని, అది రక్తసంబంధ వివాహాలు ఎక్కువగా జరిగే యూదు కుటుంబాలలో తరచుగా కనిపిస్తున్నదని గమనించాడు. రక్తసంబంధుల సంతానం కావడమే వ్యాధికి కారణమని ఆయన నిర్ధారించాడు. పరిశీలన సరైనదే, నిర్ధారణ మాత్రం సగమే నిజం. దగ్గరి బంధువులను పెళ్లాడినవారిలో అత్యధికుల పిల్లలు ఆరోగ్యంగానే ఉండటాన్ని, బంధుత్వమే లేని దంపతులకు ఈ వ్యాధిగల బిడ్డ పుట్టడాన్ని ఆ సిద్ధాంతం వివరించలేకపోయింది. పెదతండ్రి పినతండ్రి బిడ్డల వివాహం యూరపులో అసాధారణమేమీ కాదు. డార్విన్ తన మేనమామ కుమార్తెనే పెళ్లాడాడు. ఇటువంటి వివాహాల లెక్కను 1871 నాటి బ్రిటిష్ జనగణనలో చేర్చాలని ఆయన కోరగా, పార్లమెంటు అందుకు అంగీకరించలేదు.

మిగిలిన సగాన్ని మెండెల్ సూత్రాలు పూరించాయి. 1902లో ఆర్చిబాల్డ్ గారోడ్ ఆల్కాప్టోనూరియా అనే మరో వ్యాధిలో రోగుల తల్లిదండ్రులు తరచుగా దాయాదులేనని చూపగా, బేట్‌సన్ దానిని అంతర్గత జన్యువుగా వివరించాడు. లోపమున్న ప్రతి ఒకటే ఉన్న వ్యక్తి వాహకుడు, అతనికి చూపు చెడదు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండూ చేరిన బిడ్డకే వ్యాధి వస్తుంది. ఒక లోపానికి జనాభాలో నూటికి ఒకరు వాహకులనుకుందాం. వాహకుడైన పురుషుడు పరాయి స్త్రీని పెళ్లాడితే ఆమె కూడా వాహకురాలయ్యే అవకాశం నూటికి ఒకటి. మేనమామ కూతురినైతే ఎనిమిదింట ఒకటి, సొంత అక్క కూతురినైతే నాలుగింట ఒకటి. ఇద్దరూ వాహకులైన పక్షంలో ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అంటే మేనరికం లోపాన్ని పుట్టించదు, వంశంలో దాగిన లోపాలను ఒకచోట కలుపుతుంది. అంతే ముఖ్యమైన మరొక సంగతి, ఈ లెక్కలో తల్లి వాటా, తండ్రి వాటా సమానం. గుడ్డి బిడ్డను కన్నదని కోడలిని నిందించే సమాజానికి ఈ సంగతి నేటికీ పూర్తిగా చేరలేదు.

చార్లెస్ అషర్ 1914లో ఈ వ్యాధి వంశానుగతిని కుటుంబ వృక్షాలతో పరిశీలించాడు. వినికిడి లోపంతో కూడిన రూపం నేడు ఆయన పేరుతోనే వ్యవహారంలో ఉంది. 1922లో జూలియా బెల్ అటువంటి వంశవృక్షాలను విస్తృతంగా సంకలనం చేసింది. వాటిలో వ్యాధి కొన్ని వంశాలలో తరం తప్పకుండా, కొన్నింటిలో తోబుట్టువులలో మాత్రమే, మరికొన్నింటిలో తల్లుల ద్వారా కొడుకులకు సంక్రమించింది. పేరు ఒకటే అయినా వ్యాధి ఒకటి కాదని వంశవృక్షాలే చెప్పాయి. 1936లో జె.బి.ఎస్. హాల్డేన్ ఈ వ్యాధి జన్యువులలో కొన్ని ఎక్స్, వై క్రోమోజోములు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగంలో ఉన్నాయని ప్రతిపాదించాడు. తర్వాతి సాక్ష్యాలు దానిని నిలబెట్టలేదు. అయితే హాల్డేన్ 1957లో భారతదేశానికి తరలివచ్చిన తర్వాత ఆయన శిష్యుడైన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలపై 1960ల ఆరంభంలో అధ్యయనాలు ప్రచురించాడు. యూరపు జన్యుశాస్త్రం అరుదైన ఉదాహరణగా చూసినదానిని సాధారణ సామాజిక ఆచారంగా పరిశీలించే అవకాశం ఆ విధంగా లభించింది.

జన్యువు చేతికి చిక్కినది 1990లో. అప్పటికి ఐర్లండులోని ఒక కుటుంబంలో వ్యాధి మూడవ క్రోమోజోముతో ముడిపడి ఉందని తెలిసింది. దండకణాలలో కాంతిని గ్రహించే రొడాప్సిన్ జన్యువు స్థానం కూడా అదే. బోస్టన్‌లో డ్రైజా బృందం ఆ జన్యువులో 23వ స్థానంలో ప్రోలిన్‌కు బదులు హిస్టిడిన్ చేరిన మార్పును 148 మంది రోగులలో 17 మందిలో కనుగొన్నది. వ్యాధి లేని 102 మందిలో అది ఒక్కరికీ లేదు. అయితే ఐరోపా కుటుంబాలలో వెతికితే ఆ మార్పు కనబడలేదు. అది అమెరికాలోని ఒక పూర్వీకుని నుండి వ్యాపించినదై ఉండాలి. ఒక దేశపు జన్యు జాబితా మరొక దేశపు రోగికి సరిపోదని తెలియడానికి ఇంతకంటే మంచి దృష్టాంతం లేదు. నేడు ఈ ఒక్క వ్యాధితో ముడిపడిన జన్యువుల సంఖ్య ఎనభై దాటింది.

లీబ్‌రైక్ కారణమని నిందించిన రక్తసంబంధ వివాహమే తర్వాత పరిశోధనకు పనిముట్టుగా మారడం విశేషం. రక్తసంబంధుల బిడ్డలో వ్యాధికారక జన్యువు చుట్టూ ఉన్న క్రోమోజోము భాగం తల్లివైపు, తండ్రివైపు ఒకేలా ఉంటుంది. అటువంటి భాగాలను వెతికితే చిన్న కుటుంబంలోనైనా జన్యువును గుర్తించవచ్చునని లాండర్, బాట్‌స్టైన్ 1987లో చూపారు. అదే సంవత్సరం హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ ప్రారంభమైంది. అక్కడ చిత్రా కన్నబిరాన్, ఆమె సహచరులు మేనరికపు కుటుంబాలతో సహా భారతీయ రోగులలో రెటీనా క్షీణతకు మూలమైన మార్పులను ఇటువంటి పద్ధతులతోనే అన్వేషించారు.

ఈ అన్వేషణకు ఇప్పుడు వైద్యపరమైన అవసరం కూడా తోడైంది. 2017 డిసెంబరులో అమెరికా అనుమతి పొందిన జన్యు చికిత్స ఆర్.పి.ఇ.65 జన్యువు రెండు ప్రతులూ చెడిన రోగులకే, అదీ రెటీనాలో తగినన్ని కణాలు ఇంకా సజీవంగా ఉన్నప్పుడే పనికివస్తుంది. కనుక మచ్చలను చూసి పెట్టిన పేరు చాలదు. ఏ జన్యువన్నది, కణాలు నశించకముందే తేలాలి. తక్కిన జన్యువులలో అత్యధికానికి నేటికీ ఇటువంటి చికిత్స లేదు.