ఐదో కాంటూరు గొడవ

1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల కాలనీని కనిపెట్టేనాటికి అక్కడ దాదాపు మూడు వేల పక్షులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. ఆయన వృత్తి ఇంగ్లీషు పాఠాలు చెప్పడం, పిచ్చి పక్షులు. 1975 ప్రాంతానికి ఆ కాలనీ మాయమైంది.

ఆ దశకంలోనే ప్రభుత్వం సరస్సు గర్భంలో మత్స్యకార సొసైటీలకు చేపల చెరువులు ఇచ్చింది. తర్వాత బయటి పెట్టుబడి దిగింది, గట్ల పక్కన గట్లు లేచాయి. బెజవాడ మీదుగా వచ్చే బుడమేరు, ఏలూరు వైపు నుంచి వచ్చే తమ్మిలేరు కొల్లేట్లో ఆగి, ఉప్పుటేరు గుండా నిదానంగా సముద్రంలో కలవాలి. దారిలో గట్లుంటే ఆ నీరు ఊళ్ల మీదికి ఎగదన్నుతుంది.

1999లో జీవో 120తో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లను యంత్రాలతో తవ్వి, పేలుడు పదార్థాలతో పేల్చి తెగ్గొట్టారు. చెరువు మీదే బతికిన కుటుంబాల కడుపుమంట చల్లారకముందే, 2008లో శాసనసభ సరిహద్దును మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. అలా చేస్తే అభయారణ్యం సగానికి పైగా తగ్గిపోతుంది.

అసలు మలుపు ఇక్కడే. 2010లో కేంద్ర పర్యావరణ శాఖ ఈ కుదింపు కోరికను పరిశీలించడానికి ఒక నిపుణుల కమిటీ వేసి, కోయంబత్తూరులోని సలీం అలీ పక్షి పరిశోధన కేంద్రం డైరెక్టర్ పి.ఎ. అజీజ్‌ను అధ్యక్షుడిగా పెట్టింది. ఆ కేంద్రం నడిచేది ఆ శాఖ నిధులతోనే. ఇలాంటి కమిటీలు పై వాళ్ల మనసెరిగి నివేదిక రాయడం మనకు కొత్తేమీ కాదు. ఈ కమిటీ మాత్రం కుదించడం కుదరదని తేల్చింది. పక్షులతో పాటు వరదనీటికి చోటు కూడా ఆ గీత మీదే ఆధారపడి ఉందాయె!

ఈలోగా అటవీ శాఖ కైకలూరు దగ్గర ఆటపాకలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. చెట్లు చాలని చోట గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వాటి మీదే పిల్లల్ని పొదుగుతున్నాయి. అభయారణ్యం గీత లోపల సొంత పట్టా భూములు చిక్కుకున్న జిరాయితీ రైతుల పరిహారం గొడవ మాత్రం నడుస్తూనే ఉంది. ఎన్నికలొస్తే చాలు, కాంటూరు తగ్గిస్తామన్న హామీ మళ్లీ లంక గ్రామాలకు చేరుతుంది.