బ్యాగు మోసిన చేతులకే తొలి కిరీటం
పీజీటీఐ ఆరంభ సీజన్ 2006-07 విశేషాలు

హాలియా: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ ఎరగని పల్లె ఉండదు. గోల్ఫ్ మాత్రం సంపన్నుల కాలక్షేపమన్న అభిప్రాయమే బలంగా నాటుకుపోయింది. అయితే దేశంలో ఈ ఆటను వృత్తిగా స్వీకరించిన వారిలో పలువురు నిరుపేద కుటుంబాల నుంచి వచ్చినవారే. ఆటగాళ్ల బ్యాగులు మోసే 'క్యాడీ'లుగా మైదానంలో అడుగుపెట్టి ఆట నేర్చుకున్న వారికి నిలకడైన వేదికగా ఆవిర్భవించినదే ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా (పీజీటీఐ).

ఆవిర్భావం ఇలా..
భారత్‌కు గోల్ఫ్ కొత్త కాదు. కోల్‌కతాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829లోనే ఏర్పడింది. 1964లో ఇండియన్ ఓపెన్ ప్రారంభమైంది. మరుసటి ఏడాది పి.జి.సేఠీ ఆ టైటిల్‌ను గెలుచుకున్నా ఆయన అమెచ్యూర్ ఆటగాడు. ఈ ఘనత సాధించిన తొలి భారతీయ ప్రొఫెషనల్‌గా 1991లో అలీ షేర్ నిలిచారు. ఆయనా ఒకప్పటి క్యాడీయే. దేశవాళీ పోటీలను ఒక గొడుగు కిందికి తెచ్చే లక్ష్యంతో 2006లో పీజీటీఐ ఏర్పడింది. అదే ఏడాది జీవ్ మిల్ఖాసింగ్ ఆసియా టూర్‌లో అగ్రస్థానం సాధించడంతో ఆటపై దేశమంతటా ఆసక్తి పెరిగింది.

పోటీ విధానం
సాధారణంగా ఒక్కో టోర్నీ నాలుగు రోజులు సాగుతుంది. రోజుకు 18 చొప్పున మొత్తం 72 హోల్స్ ఆడాలి. అందరికన్నా తక్కువ షాట్లతో ముగించినవారే విజేత. రెండు రోజుల ఆట తర్వాత వెనుకబడినవారిని తొలగిస్తారు. దీనినే 'కట్' అంటారు. కట్ దాటని ప్రొఫెషనల్‌కు బహుమతి సొమ్ము దక్కదు. ప్రయాణం, బస ఖర్చులు భరించి వచ్చిన ఆటగాడు ఖాళీ చేతులతో వెనుదిరగాల్సిందే. సీజన్ మొత్తంలో గెలుచుకున్న సొమ్ము ఆధారంగా 'ఆర్డర్ ఆఫ్ మెరిట్' రూపొందిస్తారు. టూర్‌లో ప్రవేశానికి క్వాలిఫయింగ్ స్కూల్ పోటీల్లో నెగ్గడం ప్రధాన మార్గం.

తొలి విజేత అశోక్‌కుమార్
2006-07 సీజన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో అశోక్‌కుమార్ ప్రథమ స్థానంలో నిలిచారు. బిహార్ నుంచి ఢిల్లీ చేరి, క్యాడీగా జీవితం ప్రారంభించిన ఆయన తొలి సీజన్‌లోనే అగ్రస్థానాన్ని అందుకోవడం ఆ వర్గానికి ఎనలేని ఆత్మస్థైర్యాన్నిచ్చింది. 2008లో భారత్‌లో జరిగిన తొలి యూరోపియన్ టూర్ పోటీ 'ఇండియన్ మాస్టర్స్'ను ఎస్.ఎస్.పి.చౌరాసియా గెలుచుకున్నారు. ఆయన తండ్రి రాయల్ కలకత్తా క్లబ్‌లో పచ్చిక సంరక్షకుడు. 2009లో ఇండియన్ ఓపెన్ నెగ్గిన సి.మునియప్ప సైతం బెంగళూరులో క్యాడీగా పనిచేసినవారే.

తెలుగునాట పరిస్థితి
హైదరాబాద్‌లో గోల్కొండ నయాఖిల్లా వద్దనున్న 18 హోల్స్ మైదానం 'గోల్కొండ మాస్టర్స్'తో పీజీటీఐ పోటీలకు వేదికైంది. విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ కూడా టూర్‌కు ఆతిథ్యమిచ్చింది. హైదరాబాద్ మూలాలున్న సాహిత్ తీగల 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి అమెరికా పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ అందుకున్నారు. అయితే ఆయన పుట్టి పెరిగింది, ఆట నేర్చుకున్నది కాలిఫోర్నియాలో.

అశోక్‌కుమార్, మునియప్పలకు పని దొరికిన చోటే ఆట కూడా అబ్బింది. వారికి క్లబ్ సభ్యత్వం లేకపోయినా మైదానం అందుబాటులో ఉంది. హాలియా వంటి ప్రాంతాల యువకులకు ఆ అవకాశమే లేదు. గోల్ఫ్ మైదానాలు నగరాలకే పరిమితమైనంత కాలం, పీజీటీఐ తెరిచిన ద్వారం వరకు చేరుకోవడమే గ్రామీణ క్రీడాకారుడికి తొలి పరీక్ష కానుంది.